చిట్టీతకోనలో వాసన దారి

రెండు కొండల నడుమ చిట్టీతకోన అనే అడవి ఉండేది. పొట్టి ఈతచెట్లు గుంపులు గుంపులుగా పెరిగిన చోటు కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. ఆ కోనలో కొండలరాయుడు అనే ఎలుగుబంటి, చెంగమ్మ అనే లేడి, సూదయ్య అనే ఏదుపంది, పున్నమ్మ అనే పునుగుపిల్లి ఉండేవారు. కుందేళ్ళూ, అడవిపందులూ, కొండముచ్చులూ సరేసరి. సృష్టించిన స్వామి అందరికీ తిండి అక్కడే పెట్టాడు. నీళ్ళు మాత్రం కాస్త దూరంగా పెట్టాడు. ఎందుకలా పెట్టాడని అడక్కండి పిల్లలూ. దగ్గరగా పెట్టి ఉంటే ఈ కథే లేదు.

ఆ నీళ్ళున్న చోటును పాలదొన అనేవారు. కొండరాతిలో తనంతట తాను ఏర్పడిన గుంట అది. ఎంత ఎండాకాలమైనా అందులో నీళ్ళు ఇంకేవి కావు. అక్కడికి పోయే దారి ఒకచోట రెండుగా చీలుతుంది. ఎడమవైపు సన్నదారిన పోతే పాలదొన. కుడివైపు వెడల్పు దారిన నాలుగు అడుగులు పోతే చరియ. చరియ అంటే కొండ అంచు. దాని కింద అంతా లోయే.

ఒక ఏడాది పుష్యమాసంలో కోనకు మంచు పట్టింది. ఏటా పట్టేదే, పొద్దెక్కితే పోయేదే. ఆ ఏడు మాత్రం పోలేదు. మధ్యాహ్నమైనా తన కాళ్ళు తనకే కనబడని మంచు. ఉదయమేదో సాయంత్రమేదో ఎవరికీ తెలియలేదు.

ఇక చూడండి తమాషా. ఒక అడవిపంది తన ఇంటికే పోతున్నాననుకుని సూదయ్య బొరియలో తల దూర్చింది.

"పిల్లలేరీ?" అని అడిగింది.

"ఎవరి పిల్లలు?" అన్నాడు సూదయ్య.

"నా పిల్లలు."

"నీ పిల్లలు నా ఇంట్లో ఎందుకుంటారు?"

"అసలు నా ఇంట్లో నువ్వెందుకున్నావు?"

ఆ ఇల్లు ఎవరిదో తేలేలోపల పంది ముట్టె నిండా ముళ్ళు దిగాయి.

కొండలరాయుడు ఒక బండరాయిని రెండు చేతులా పట్టుకుని, "ఏం బావా, బాగా ఒళ్ళు చేశావే" అని చాలాసేపు పలకరించాడు. బావ బదులు పలకలేదని అలిగి ఇంటికి బయలుదేరాడు. ఇల్లు దొరకలేదు. ఆ రాత్రి బావ పక్కనే పడుకున్నాడు.

నవ్వండి, నవ్వండి. కానీ చెంగమ్మకు మాత్రం నవ్వు రావడం లేదు. ఆమెకు మల్లి అని పాలు తాగే కూన ఉంది. తల్లి నీళ్ళు తాగితేనే కదా బిడ్డకు పాలు. నీళ్ళకు పోదామంటే దారి చీలేచోట ఏది ఎడమో ఏది కుడో తెలియదు. ఆకుల మీది మంచు నాకితే నాలుక తడుస్తోంది గానీ దాహం తీరడం లేదు. మల్లి పొదుగు దగ్గర తల పెట్టి లాగుతోంది, ఏమీ రాక తల్లి మొహంలోకి చూస్తోంది.

"అమ్మా, పాలెక్కడికి పోయాయి?"

"పాలదొనకు పోయాయమ్మా. తీసుకొస్తాను" అంది చెంగమ్మ. ఎలా తెస్తుందో ఆమెకు తెలియదు.

అందరూ ఒకచోట చేరి సభ చేశారు. ఎవరు ఎటు తిరిగి కూర్చున్నారో ఎవరికీ తెలియదు. కొండలరాయుడు కోనకు పెద్ద. ఆయన లేచి ఒక ఈతచెట్టుకు ఎదురుగా నిలబడి, దాన్నే సభ అనుకుని మాట్లాడాడు.

"దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. నేను ముందు నడుస్తాను. నా వెనక ఒకరి తోక ఒకరు పట్టుకుని రండి."

"మామా, నాకు పట్టుకునేంత తోక లేదే" అంది కుందేలు.

"ఉన్నంతవరకు పట్టుకోనీ" అన్నాడు కొండలరాయుడు.

సూదయ్య తోక పట్టుకోవడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. అతను సరేనని ఒక పక్కన కూర్చున్నాడు. మిగిలినవాళ్ళంతా వరుసగా బయలుదేరారు. అందరికంటే చివర ఒక కొండముచ్చు.

కొంతదూరం పోయాక కొండలరాయుడి చేతికి ఒక పొడుగాటి తోక తగిలింది. ఆయనకు ప్రాణం లేచివచ్చింది.

"మనకంటే ముందే ఎవరో పోతున్నారర్రా. దారి తెలిసినవాళ్ళే అయివుంటారు" అని ఆ తోక పట్టుకున్నాడు.

ఆ తోక ఎవరిదో మీకు తెలిసిపోయింది కదూ? చివరి కొండముచ్చుదే. వాళ్ళకు తెలియలేదు, పాపం. అందరూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. ప్రతివాడూ ముందున్నవాడికి దారి తెలుసనుకున్నాడు.

పక్కన కూర్చున్న సూదయ్య అడుగుల చప్పుడు వింటూ ఆశ్చర్యపోయాడు. "మన కోనలో ఇంతమంది ఉన్నారా? పొద్దుటినుంచి పోతూనే ఉన్నారే" అనుకున్నాడు. ఆఖరికి ఉండబట్టలేక, "రాయుడు మామా, ఇందాక కూడా ఒక ఎలుగుబంటి పోయాడు. దగ్గు అచ్చం మీ దగ్గే" అన్నాడు.

"నాలాంటివాడు ఈ కోనలో ఇంకొకడా?" అని కొండలరాయుడికి కోపం వచ్చింది. అలా అన్నాడే గానీ నడక ఆపలేదు.

ఆపింది పున్నమ్మ. ఆమె ఆ వరుసలో నడుమ ఎక్కడో ఉంది.

పునుగుపిల్లి సంగతి మీకు తెలుసుగా. దాని ఒంటిలో ఊరే పునుగును కొండమీది స్వామివారి సేవకు వాడతారని పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. ఆ తీపి వాసనను చెట్టుకూ పుట్టకూ రుద్దుకుంటూ పోవడం పునుగుపిల్లికి అలవాటు. పున్నమ్మ నడుస్తూ నడుస్తూ ఒక చెట్టు దగ్గర ముక్కెగరేసింది.

"ఆగండి. ఇది ఇందాక నేను ఒళ్ళు రుద్దుకున్న చెట్టే. అంతకుముందు కూడా వచ్చింది. మనం ఎక్కడికీ పోవడం లేదు, ఉన్నచోటే తిరుగుతున్నాం."

వరుస తెగింది. సాయంత్రమైందని కాళ్ళ నొప్పులను బట్టి అందరికీ తెలిసింది. ఒకరినొకరు తిట్టుకున్నారు. ఎవరిని తిడుతున్నారో కనబడలేదు కాబట్టి కొన్ని తిట్లు తగలవలసినవాళ్ళకు తగలనేలేదు.

పున్నమ్మ మాత్రం ఆ చెట్టు దగ్గరే కూర్చుండిపోయింది. "మంచు కంటిని కప్పింది గానీ ముక్కును కప్పలేదు. నా వాసన నాకు దారి చెప్పింది కదా, అందరికీ ఎందుకు చెప్పదు?" అనుకుంది. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇస్తాడు పిల్లలూ. ఎందుకిచ్చాడో మాత్రం చెప్పడు. అది మనమే వెతుక్కోవాలి.

పున్నమ్మ చెట్ల మీదుగా పోగలదు. కొమ్మ నుంచి కొమ్మకు పాకుతూ, చరియవైపు కొమ్మలు అందకపోతే వెనక్కి మళ్ళుతూ, తడుముకుంటూ తడుముకుంటూ పాలదొన చేరింది. వచ్చేటప్పుడు దారి పొడుగునా కొమ్మలకు పునుగు రుద్దింది. సంతోషంగా వచ్చి చెంగమ్మకు చెప్పింది.

చెంగమ్మ ఆశగా బయలుదేరింది. నాలుగు చెట్లు దాటగానే మళ్ళీ దారి తప్పి వెనక్కి వచ్చేసింది.

"నీ దారి ఆకాశంలో ఉందేమో అక్కా. నేలమీద నాకేమీ తగల్లేదు" అంది.

కొండముచ్చులు పడిపడి నవ్వాయి. కొండలరాయుడు ఇంకా గట్టిగా నవ్వాడు. "ఏమే పున్నీ, లేడి చెట్టెక్కాలా ఏమిటి?"

పున్నమ్మకు సిగ్గేసింది. నిజమే మరి. తన ముక్కుకు అందేచోట రుద్దింది గానీ ఎదుటివాళ్ళ ముక్కు ఎక్కడుంటుందో ఆలోచించలేదు. ఇంటింటికీ పోయి అడగడం మొదలుపెట్టింది.

"సూదయ్యా, నడిచేటప్పుడు నీ ముక్కు ఎక్కడ ఉంటుంది?"

"మొహం మీదే ఉంటుంది. ఇంకెక్కడ ఉంటుంది?"

"అది కాదయ్యా. నేలకు ఎంత దగ్గరగా ఉంటుంది?"

సూదయ్య నడిచి చూపించాడు. అడవిపంది కూడా చూపించింది. కుందేలు గెంతి చూపించింది. చెంగమ్మ తల వంచి చూపించింది. ఈ పున్నమ్మకు మంచు తలకెక్కిందని అందరూ అనుకున్నారు. కానీ అడిగితే కాదనలేక చూపించారు.

ఈసారి పున్నమ్మ నేలమీద నడుస్తూ రాళ్ళకూ చెట్ల మొదళ్ళకూ పునుగు రుద్దింది. దారి చీలేచోట ఎడమవైపు రాయికి దండిగా రుద్దింది. కుడివైపు ఒక్క చుక్క కూడా పెట్టలేదు.

"తీపి వాసన వచ్చినంతవరకు నడవండి. వాసన ఆగినచోట మీరూ ఆగండి. అంతే" అని చెప్పింది.

ఎవరూ కదల్లేదు. చెంగమ్మ ఒక్కతే ముందుకొచ్చింది. "నా బిడ్డకు ఇవాళ పాలు లేకపోతే రేపు బిడ్డే ఉండదు. నేను పోతాను" అంది. స్వామిని తలుచుకుని తల వంచుకుని మంచులోకి పోయింది.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మల్లి చెవులు రిక్కించి కూర్చుంది. చివరికి గిట్టల చప్పుడు వినబడింది. చెంగమ్మ మూతినుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె వచ్చి నిలబడగానే మల్లి పొదుగులో తల దూర్చింది. ఆ రోజు ఆ కూన ఎంతసేపటికీ తల బయటికి తీయలేదు.

అది చూసి కోన కోనంతా కదిలింది. అందరూ పున్నమ్మ దారిన పోయి నీళ్ళు తాగి వచ్చారు.

కానీ ఒక చిక్కు వచ్చింది. మంచుకు తడిసి వాసన కరిగిపోతోంది. రోజూ మళ్ళీ రుద్దాలి. పునుగేమో పళ్ళు తింటేనే ఊరుతుంది. దారి చూసుకుంటూ కూర్చుంటే పళ్ళు ఏరుకోవడానికి పున్నమ్మకు తీరిక లేదు. ఆకలికి ఆమె కడుపు వెన్నుకు అంటుకుపోయింది, వాసన పలచబడింది. అప్పుడామె దారి మొదట్లో ఒక పలకరాయి పెట్టింది.

"దారిన పోయేవాళ్ళు తలా ఒక రేగుపండు ఈ రాయిమీద పెట్టి పోండి. అవి తిని నేను దారిని నిలబెడతాను."

"పండు పెట్టాలా?" అని సూదయ్య గొణిగాడు. గొణుగుతూనే ఒకటి పెట్టాడు. చెంగమ్మ ఏరి ఏరి పండినదే పెట్టింది.

కొండలరాయుడు మాత్రం మండిపడ్డాడు. పండు ఆయనకు లెక్కలోది కాదు. ఒక పిల్లి చెప్పిన దారిన కోనంతా పోతోందే అని ఆయన బాధ.

"నీళ్ళు దేవుడివి. వాటికి పోయే దారికి పండు అడగడం పాపం కదూ?" అన్నాడు.

"నీళ్ళు దేవుడివే మామా. మంచులో దారి నిలవాలంటే మాత్రం ఎవరో ఒకరు రోజూ పనిచేయాలి కదా. ఆ ఎవరో ఒకరికి ఆకలి వేస్తుంది కదా" అంది పున్నమ్మ.

"వాసన నీకొక్కదానికే ఉందా? నా వాసన ముందు నీదెంత? రేపటినుంచి నేనే దారి వేస్తాను. పండూ వద్దు, కాయా వద్దు."

అన్నట్టే ఆయన మర్నాడు చెట్లకు వీపు రాసుకుంటూ బయలుదేరాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. తనకు అలవాటైన దారినే పోయాడు. అది ముందు తేనెపట్టు దగ్గరకు పోయింది. అక్కడినుంచి చెదపుట్టలవైపు తిరిగింది. ఆ తరువాత ఆయన గుహ చుట్టూ తిరిగి వచ్చింది. దారి చీలేచోట ఎడమది సన్నగా ఉంది, ఒళ్ళు పట్టలేదు. కుడిది వెడల్పుగా హాయిగా ఉందని, మంచులో అదే పాలదొన దారి అనుకుని అటు తిరిగాడు. ఆ మొదట్లో ఒక చెట్టుకు వీపు రాసి, ఇక మిగిలినది రేపు చూసుకుందామని తిరిగి వచ్చేశాడు.

ఆయనను చూసి అడవిపంది, "నాకు మాత్రం వాసన లేదా?" అని బురద ఒళ్ళు అక్కడక్కడ రుద్దింది. ఒక ముంగిస కూడా తన చేయి వేసింది. ఎందుకు వేస్తున్నదీ దానికీ తెలియదు.

ఇక కోనలో ఎటు చూసినా వాసనలే. ముందు మంచువల్ల కళ్ళు పనిచేయలేదు, ఇప్పుడు ముక్కులు కూడా పనిచేయడం మానేశాయి. నీళ్ళకని బయలుదేరిన కుందేళ్ళు తేనెపట్టు కింద తేలాయి. తేనెటీగలు కుట్టి చెవులు వాచాయి. సూదయ్య నేరుగా కొండలరాయుడి గుహలోకి నడిచాడు.

"పాలదొనలో చాప ఎవరు పరిచారు?" అని అడిగాడు.

"అది నా పక్క" అన్నాడు కొండలరాయుడు లోపలినుంచి.

"మరి నీళ్ళేవి?"

"ముందుకు పో. నా వాసన పట్టుకుని పో."

ఆ మరునాడు కొండలరాయుడు అందరినీ పోగుచేసి తనే నీళ్ళకు తీసుకుపోతానన్నాడు. మల్లికి ఇప్పుడు కాళ్ళు గట్టిపడ్డాయి. మొదటిసారి నీళ్ళు తాగించాలని చెంగమ్మ దాన్ని వెంట తెచ్చుకుంది. పలకరాయి మీద పండు పెట్టి, "మల్లీ, తీపి వాసన పట్టుకుని నడు. అది ఆగినచోట నువ్వూ ఆగు. నేను వచ్చేదాకా కదలకు" అని చెప్పింది.

దారి చీలేచోట తోపులాట అయింది. కొండలరాయుడి జనం వెనకనుంచి వచ్చి మీద పడ్డారు. చెంగమ్మ ఎడమవైపు పడింది. మల్లి ఆ గుంపులో కలిసి కుడివైపు పోయింది. "మల్లీ" అని తల్లి పిలుస్తోంది. మంచులో ఆ పిలుపు ఎటునుంచి వస్తోందో తెలియదు. అన్ని వైపులనుంచీ వస్తున్నట్టే ఉంది.

మల్లి నాలుగు అడుగులు వేసి ఆగింది. తీపి వాసన లేదు. వెనక గుంపు అడుగుల చప్పుడు దగ్గరపడుతోంది. అయినా కదల్లేదు. వెనకనుంచి కొండలరాయుడు వచ్చి గుద్దుకున్నాడు.

"నడవ్వే పిల్లా, దారికి అడ్డం."

"తీపి వాసన ఆగిపోయింది తాతా. ఆగమని అమ్మ చెప్పింది."

"నా వాసన వస్తోందిగా?"

"మీ వాసన మీరు వచ్చారు కాబట్టి వస్తోంది తాతా."

కొండలరాయుడు ముక్కెగరేసి ముందుకు వాసన చూశాడు. తన వాసనే. వెనక్కి చూశాడు. తన వాసనే. ఎడమా కుడీ కూడా తన వాసనే. ఎటు తిరిగినా దారే ఉన్నట్టు తోచింది ఆయనకు.

"చిన్నపిల్లవు, నీకేం తెలుసు?" అని మల్లిని దాటి ఒక పెద్ద అడుగు వేశాడు.

ఆ అడుగు కింద నేల లేదు.

రాళ్ళు దొర్లాయి. కొమ్మలు విరిగాయి. తరువాత కిందినుంచి ఒక మూలుగు వినబడింది. స్వామి దయ, ఆయన లోయదాకా పోలేదు. చరియకు కాస్త కిందగా పెరిగిన రేగుకంపలో చిక్కుకున్నాడు. ఒక్క రేగుపండు ఇవ్వనన్నవాడు పిల్లలూ, ఇప్పుడు రేగుచెట్టు ఒడిలోనే వేలాడుతున్నాడు.

"ఎవరూ ముందుకు రాకండి" అని మల్లి చిన్న గొంతుతో అరిచింది. దారికి అడ్డంగా నిలబడింది. ఆ చిన్న ఒంటికి తగిలి గుంపంతా ఆగింది. ఆ గొంతు పట్టుకుని చెంగమ్మ వచ్చి బిడ్డ మెడమీద తల ఆనించింది.

పున్నమ్మ పరుగున వచ్చింది. "ఆ రోజు పట్టుకున్నట్టే ఒకరి తోక ఒకరు పట్టుకోండి. ఈసారి గుండ్రంగా మాత్రం వద్దు" అంది. అందరికంటే ముందు కొండముచ్చు చరియ కిందికి తోక వేలాడేసింది. కొండలరాయుడు ఆ తోకను గుర్తుపట్టాడు. మొన్న దారి తెలిసినవాళ్ళదనుకున్న తోకే. మారుమాట లేకుండా పట్టుకున్నాడు. అందరూ కలిసి లాగారు.

పైకి వచ్చినవాడి ఒంటినిండా ముళ్ళే. సూదయ్య పక్కన చేరి, "కదలకండి మామా. ముళ్ళ సంగతి నాకు తెలుసు" అంటూ ఒక్కొక్కటే పీకాడు.

కొండలరాయుడు తల ఎత్తలేదు. "ఇక నా వాసన ఈ దారిలో ఉండదులే పున్నమ్మా" అన్నాడు. ఆమెను పూర్తి పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"అలా అనకండి. మీ వాసనతో పనుంది. నా తీపి వాసన రమ్మని చెప్పగలదు గానీ ఆగమని చెప్పలేదు. ఇవాళ మల్లి ఆగింది, రేపు ఇంకో కూనకు గుర్తుండకపోవచ్చు. ఈ చరియ పొడుగునా చెట్లకు మీరు రోజూ వీపు రాయండి. ఆ ఘాటు తగిలితే ఎంత మరపు ఉన్నవాడైనా ఆగుతాడు."

"నా వాసన తగిలి జనం వెనక్కి తిరగాలా?" అన్నాడు ఆయన.

"తిరిగితేనే బతుకుతారు మామా."

మంచులో ఎవరికీ ఆయన మొహం కనబడలేదు. తరువాత లేచి, చరియ పక్కన మొదటి చెట్టుకు వీపు ఆనించాడు. అడవిపందీ ముంగిసా తమ వాసనలు రుద్దడం మానేశాయి. తీపి వస్తే నడు, ఘాటు వస్తే ఆగు. కోనలో పసికూనలకు కూడా ఆ రెండు ముక్కలూ వచ్చేశాయి. మళ్ళీ ఎవరూ దారి తప్పలేదు.

చివరికి ఒకరోజు ఎండ కాసింది. మంచు తెరలా లేచిపోయింది. అందరూ చరియ దగ్గరకు పోయి కిందికి చూశారు. ఇన్నాళ్ళూ దేని పక్కన నడిచారో అప్పుడు కనబడింది. మల్లి తల్లి కాళ్ళ మధ్యకు దూరింది.

తరువాత అది కొండలరాయుడివైపు చూసి, "తాతా, మీ వీపుమీద ఇంకా పండు ఉంది" అంది.

నిజమే. ఎప్పుడు చిక్కుకుందో, ఎండిన రేగుపండు ఒకటి ఆయన బొచ్చులో ఉంది. ఆయన దాన్ని మెల్లగా తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. కొండ దిగి పోయి, పున్నమ్మ పలకరాయి మీద పెట్టాడు. ఆ రోజు దారి కళ్ళకే స్పష్టంగా కనబడుతోంది, ఎవరికీ ఏ వాసనా అక్కర్లేదు. అయినా పెట్టాడు.

నీతి: ఎదుటివారి కష్టాన్ని అడిగి తెలుసుకుని చేసిన కొత్త పని పదిమందికి దారి చూపుతుంది, తన గొప్ప చాటుకోవడానికి చేసిన పని చేసినవాడినే దారి తప్పిస్తుంది.